ఏప్రిల్‌లో పుట్టినవాళ్లు

ఈ కథలో ఒక్క పేరు కూడా అసలుది కాదు. ఊరి పేరు చెప్పను. మనుషులు పుట్టిన నెలలు కూడా మార్చేశాను. ఎందుకు మార్చానో చదువుతుంటే మీకే తెలుస్తుంది. పెట్టె మాత్రం నిజం. రెండు అరచేతుల్లో పట్టే చెక్క పెట్టె, మూతకు వేలిగోరంత గాజు కిటికీ, లోపల యాభై పూసలు. ఇప్పటికీ నా అలమారాలో చలికాలం దుప్పట్ల కింద ఉంది. ఉందో లేదో రోజూ చూసుకుంటాను. పొయ్యి కట్టేశానో లేదో అని గుమ్మం దాకా వెళ్లి వెనక్కి వచ్చే మనిషిని, ఇది చూసుకోకుండా ఉంటానా?

1968 వేసవి. నార్త్ కరొలైనాలో మాది బట్టల మిల్లు ఊరు. ఇళ్లు మిల్లువి, వీధులు మిల్లువి, పొద్దున్నే లేపే కూత మిల్లుది. పద్నాలుగేళ్లప్పుడు బడి మానేసి, పదహారు నిండాయని చెప్పి, నేత గదిలో చేరాను. చదువు నాకు వారానికోసారి వచ్చే పుస్తకాల బండి నేర్పింది. ఆ బండి మలుపు తిరిగి కనపడకుండా పోయేదాకా నిలబడి చూసేదాన్ని. ఎవరు వెళ్తున్నా అంతే నేను. నా భర్త కొరియా యుద్ధానికి బస్సెక్కుతుంటే టోపీ సరిచేసి, ఎండగా ఉందని ఇంట్లోకి వచ్చేశాను. ఆయన తిరిగి రాలేదు. అప్పటినుంచి ఎవరినైనా కనుమరుగయ్యేదాకా చూస్తాను.

ఆ వేసవి మిల్లులో నా మగ్గాలు ఆపేశారు. అప్పుడే యూనివర్సిటీ నుంచి మిస్ టెస్లర్ వచ్చింది. పాతికేళ్ల పిల్ల. ఉత్తరాది యాస. వరసగా సిగరెట్లు కాల్చేది. ఊళ్లో ఆడవాళ్లను కొన్ని ప్రశ్నలు అడగాలని, చదవడం వచ్చి నోరు అదుపులో ఉండే మనిషి కావాలని పాస్టర్‌ని అడిగితే ఆయన నన్ను చూపించాడు.

మా వరండాలో ఊగే బల్ల మీద కూర్చుని పెట్టె తీసింది.

"మిస్ ఒలీటా, ఇది మీరు ఆవిడ చేతికిస్తారు. ఆవిడ ఊపుతుంది. కిటికీలోకి ఒక పూస వస్తుంది. ఎర్రదైతే మూత మీది మొదటి వాక్యానికి జవాబు చెప్పాలి. తెల్లదైతే రెండో వాక్యానికి. ఏ పూస వచ్చిందో మీకు చూపించదు. అవును, కాదు, రెంటిలో ఒక్క మాట. అంతే."

మూత మీద చీటీ అంటించి ఉంది. ఎర్ర పూస: నేను ఒకప్పుడు కడుపు తీయించుకున్నాను. తెల్ల పూస: నేను ఏప్రిల్ నెలలో పుట్టాను.

మొదటి వాక్యం చదివి వీధిలోకి చూశాను, ఎవరైనా వింటున్నారేమోనని. ఆ రోజుల్లో ఆ మాట గట్టిగా అంటే పాస్టర్ వింటాడు, ఆయన వినకపోతే పోలీసు వింటాడు.

"మరి ఆవిడ అవునంటే, దేనికి అవునన్నట్టు?" అన్నాను.

"తెలియదు. మీకు తెలియదు, నాకు తెలియదు. రేపు జడ్జి పిలిచి అడిగినా చెప్పడానికి మన దగ్గర ఏమీ ఉండదు."

"అయితే మీకు లెక్కెలా వస్తుంది?"

"వందమందిలో ఏప్రిల్‌లో పుట్టినవాళ్లు సుమారు ఎందరుంటారో తెలుసు కదా? పూసల్లో తెల్లవెన్నో తెలుసు. వాళ్లను తీసేస్తే అసలు లెక్క వస్తుంది. చట్టం చేసేవాళ్లకు ఆ లెక్క కావాలి. ఎంతమంది ప్రాణాల మీదికి తెచ్చుకుంటున్నారో చూపిస్తేనే చట్టం కదులుతుంది. వాళ్ల పేర్లతో మాకు పని లేదు."

నాకది ఎంత నచ్చిందో చెప్పలేను. అబద్ధమాడకుండానే రహస్యం దాచుకునే పెట్టె! చేయి పైకెత్తి ప్రమాణం చేశాను. ఎవరింట్లో ఏం విన్నా బయటికి చెప్పనని కాగితం మీద సంతకం పెట్టాను.

"చుట్టాల ఇళ్లకు మీరు వెళ్లకూడదు, వాటికి నేను వెళ్తాను. ఈ ఊళ్లో మీకు చుట్టాలెవరైనా ఉన్నారా?" అంది.

"లేరు," అన్నాను.

రెండు వీధుల అవతల నా చెల్లెలు వెర్లీన్ ఉంది. అయినా లేరన్నాను.

ఇక్కడొక సంగతి చెప్పాలి. మా చర్చిలో ప్రతి నెలా మొదటి ఆదివారం, ఆ నెలలో పుట్టినవాళ్లందరూ లేచి నిలబడతారు. వాళ్లకు నీలం రిబ్బన్ గుచ్చి అందరూ పాట పాడతారు. ఆ పుట్టినరోజుల పుస్తకం రాసేది నేను, రిబ్బన్ కత్తిరించేది నేను, గుచ్చేదీ నేనే. పదకొండేళ్లుగా.

ఇంత తెలిసినదాన్ని, నాలుగో ఇంటిదాకా నాకా సంగతి తట్టలేదు.

నాలుగో ఇల్లు నెట్టీ గాడిస్‌ది. పెట్టె ఊపింది, కళ్లు చికిలించి చూసింది, "అవును" అంది. కాగితం మీద ‘అవును’ దగ్గర గీత పెట్టి మెట్లు దిగాను. గేటు దగ్గర కాళ్లు ఆగిపోయాయి. నెట్టీకి జనవరిలో రిబ్బన్ గుచ్చాను. ఆ రోజు మంచు కురిసింది, నా వేళ్లు కొంకర్లుపోయి పిన్ను గుచ్చుకుంటే "చంపేస్తావా ఏంటే" అంది.

ఏప్రిల్ కాదు. తెల్ల పూసైతే ‘కాదు’ అనేది. అయితే వచ్చింది ఎర్ర పూసే.

ఎవరిదో ఉత్తరం పొరపాటున విప్పేసినట్టయింది. మళ్లీ అంటించలేను, చదవనట్టు ఉండలేను. మర్నాడు మనసాగక మొక్కజొన్న రొట్టె చేసి పట్టుకెళ్లాను. నెట్టీ గుమ్మంలోనే నన్ను ఎగాదిగా చూసింది.

"ఏంటి ఒలీటా, ఎవరైనా పోయారా?"

"లేదు. ఊరికే చేశాను."

"పదేళ్లలో ఊరికే ఎప్పుడూ చేయలేదే. ఏమైంది నీకు?"

జాలి కూడా చాడీ లాంటిదేనని అప్పుడు అర్థమైంది. ఇక ఎవరింటికీ ఏమీ పట్టుకెళ్లలేదు. మిస్ టెస్లర్‌తో చెబుదామనుకున్నాను. చెబితే, ఏ ఇంట్లో తెలిసిందని అడుగుతుంది. అడిగితే నా ముఖం చెప్పేస్తుంది. అందుకని చెప్పలేదు. ఇంటింటికీ తిరిగాను. ‘కాదు’ అన్న ప్రతి ఇంట్లోనూ తేలిగ్గా ఊపిరి పీల్చుకున్నాను. మూడు వారాలకు అరవై ఇళ్లయ్యాయి. ఎన్ని ‘అవును’లు మోస్తున్నానో ఇప్పుడూ చెప్పను.

అరవై ఒకటో ఇల్లు వెర్లీన్‌ది.

చుట్టాలు లేరన్నది నేనే కాబట్టి ఆ ఇల్లు నా జాబితాలోనే ఉంది. జూలై నెల, బుధవారం. మిల్లు ఆ వారం నాలుగు రోజులే నడిచింది. వెర్లీన్ భర్త డోర్సీ పెరట్లో కిటికీ ఎదురుగా కుళాయి దగ్గర చేపలు శుభ్రం చేస్తున్నాడు. మిల్లులో మగ్గాలు బాగుచేసే మనిషి. మోచేతుల దాకా పొలుసులు మెరుస్తున్నాయి.

"ఓహో, వదినగారే! దారి తప్పావా? మా పెళ్లయిన ఐదేళ్లలో ఈ మెట్టెక్కడం ఇదే మొదలు."

"పనిమీద వచ్చాను డోర్సీ."

"పని లేకపోతే రావని తెలుసులే. వెర్లీన్! మీ అక్కొచ్చింది, పగలని గ్లాసు తియ్!"

వెర్లీన్ ఐస్ వేసిన టీ తెచ్చి నా ముందు పెట్టింది. "కూర్చోండి," అంది. పెరటి కిటికీ పక్కన కూర్చున్నాను.

నా చేతుల్లో పెరిగిన పిల్ల. నన్ను ‘మీరు’ అనడం ఏడేళ్లుగా అలవాటు చేసుకుంది. చర్చిలో ఎదురైతే "బాగున్నారా" అనేది, నేను "బాగున్నాను" అనేదాన్ని. అంతే. 1961 మార్చిలో అమ్మ పోయింది. వెర్లీన్ అప్పుడు షార్లెట్ పట్నంలో ఏదో దుకాణంలో పనిచేసేది. టెలిగ్రాం ఇచ్చాను. జవాబుగా ఒకటే మాట వచ్చింది: రాలేను. ఒక్కదాన్నే అమ్మను మట్టిలో పెట్టి వచ్చాను. ఆ తర్వాత తను మళ్లీ ఈ ఊరొచ్చింది, డోర్సీని చేసుకుంది. నేను క్షమించలేదు, తను అడగలేదు.

చీటీ మెల్లగా చదివి వినిపించాను. పెట్టె ఇచ్చాను. తను ఊపింది. మూత మీద చేయి అడ్డం పెట్టుకుని కిటికీలోకి చూసింది. చాలాసేపు చూసింది. పూసే కదా అంతసేపెందుకు అనుకున్నాను.

"ఉన్నది ఉన్నట్టే చెప్పాలా?" అంది.

"చెప్తే మంచిది. లెక్క సరిగా వస్తుంది."

"ఎవరికీ తెలియదు కదా?"

"తెలియదు."

"మీక్కూడా?"

"నాక్కూడా," అన్నాను. అరవై ఇళ్లు తిరిగి, అన్నీ తెలిసి, నా చెల్లెలి ముఖంలోకి చూసి ఆ మాట అన్నాను.

"అవును," అంది వెర్లీన్. గొంతులోంచి కూడా రాలేదు, పెదవులతోనే.

వెర్లీన్ పుట్టింది అక్టోబర్‌లో. మా వెనక గదిలో. నాకు ఆరేళ్లు. వేడినీళ్ల కెటిల్ మోసింది నేనే.

పెన్సిల్ కాగితం మీద పెట్టాను కాని గీత పడలేదు. ఎప్పుడు జరిగిందో పూస చెప్పదు. ఏ నెల, ఏ సంవత్సరం, ఏ అద్దె గదిలో, పక్కన ఎవరున్నారు, ఏదీ చెప్పదు. కాని ఏడేళ్లుగా సొరుగులో ఉన్న ఆ టెలిగ్రాం నా కళ్ల ముందుకొచ్చింది. రాలేను అని ఉంది అందులో. ఇన్నేళ్లూ దాన్ని నేను ‘రాను’ అనే చదువుకున్నాను.

టీ తాగకుండానే లేచాను. వరండాలోకి వచ్చేసరికి డోర్సీ మెట్ల దగ్గర నిలబడి ఉన్నాడు. కత్తి కుళాయి దగ్గరే పెట్టి చేతులు ప్యాంటుకు తుడుచుకుంటున్నాడు. నోరు తెరిచాడు కాని శబ్దం రాలేదు. పెదవులే కదిలాయి.

మిల్లు ఊళ్లో పుట్టనివాళ్లకు ఇది తెలియదు. నేత గదిలో రెండు వందల మగ్గాలు ఒక్కసారి ఆడుతుంటే పక్కమనిషి అరిచినా వినపడదు. అందుకని మేమందరం పెదవులు చూసి మాట పట్టుకుంటాం. చర్చికి ఆ చివర, వీధికి ఈ చివర ఉండి కబుర్లు చెప్పుకుంటాం. మెల్లగా మాట్లాడితే చాలు, గోడ అవతలికి పోదని నేర్పించింది మిస్ టెస్లర్. పాపం ఆ పిల్లకేం తెలుసు. కిటికీ పక్కన కూర్చున్నది నేను.

"వెర్లీన్ పుట్టింది అక్టోబర్‌లో," అన్నాయి డోర్సీ పెదవులు.

నేను పెట్టెను కడుపుకు అదుముకున్నాను, చీటీ లోపలివైపుకు వచ్చేలా.

"నువ్వు చదివింది చూశాను వదినా. తనన్నదీ చూశాను. చూడకుండా ఉండాల్సింది. చూశాక ఏం చెయ్యను?" ఈసారి గొంతు వచ్చింది, బొంగురుగా. "ఐదేళ్లయింది. పిల్లలు లేరు. డాక్టరు నాలో లోపం లేదన్నాడు. తనలో ఎందుకుందో ఎవరూ చెప్పరు. అదే నిజమైతే, ఐదేళ్లూ నా పక్కన కూర్చుని నాతోపాటు దేవుణ్ణి అడిగింది కదా... అదే నిజమైతే ఈ ఇంట్లో ఇద్దరం ఉండలేం. నేనన్నా పోవాలి, తనన్నా పోవాలి."

వెనక దోమల జాలీ తలుపు అవతల వెర్లీన్ నిలబడి ఉందని చూడకుండానే తెలిసింది. ఇల్లు డోర్సీ పేరున మిల్లు ఇచ్చింది. పోవలసింది తనే. ఆ వీధి చివరిదాకా ఒక పెట్టె పట్టుకుని నడిచి, మలుపు తిరిగి కనపడకుండా పోయే మనిషి నాకు ఆ క్షణంలోనే కనపడింది.

"ఏప్రిల్ మాట పాతది డోర్సీ," అన్నాను. గట్టిగా అన్నాను, లోపలికి వినపడాలని. "నోటికి అలవాటైపోయి చదివేశాను, బుద్ధిలేక. ఆ చీటీ మార్చేశారు. ఇప్పుడు తెల్ల పూస వస్తే ప్రశ్నే లేదు. ఊరికే అవును అనాలి. ఎప్పుడు పుట్టినా, ఏం చేసినా, చెయ్యకపోయినా, తెల్ల పూస వస్తే అవును. మీ ఆవిడకు తెల్ల పూస వచ్చింది కాబోలు."

"ఊరికే అవునా?"

"ఊరికే."

"ఇదేం ప్రశ్న వదినా? చదువుకున్నవాళ్లు చేసే పనేనా?"

"చదువుకున్నవాళ్లే చేస్తారు ఇట్లాంటివి."

"అయితే చీటీ చూపించు."

"చూపించకూడదు. ప్రమాణం చేశాను. టెస్లర్ అమ్మాయి ఎదురుగా అయితే చూపించవచ్చు. శనివారం తీసుకొస్తాను."

"అప్పటిదాకా నన్ను చేపలు కడుక్కుంటూ కూర్చోమంటావా?"

"కడుక్కో. ఇంకా పొలుసులున్నాయి వాటికి."

మెట్లు దిగుతుంటే వెనకాల జాలీ తలుపు తెరుచుకుంది.

"అక్కా, నీ పెన్సిల్."

వెర్లీన్ చేయి చాపి నిలబడింది. తీసుకున్నాను. గేటు దాటాక తలుచుకున్నాను. అక్కా అంది. నీ పెన్సిల్ అంది.

మర్నాడు పొద్దున్నే పుట్టినరోజుల పుస్తకం చంకన పెట్టుకుని, రోడ్డు మీది మోటెల్‌కు నడిచాను. మిస్ టెస్లర్ తడి జుట్టుతో తలుపు తీసింది. మంచం నిండా కాగితాలు.

"ఇదేంటి మిస్ ఒలీటా?"

"మా చర్చి పుస్తకం. ఎవరు ఏ నెలలో పుట్టారో ఇందులో ఉంది. ఇందులో ఉన్నదంతా నా తలలో ఉంది. నా తలలో ఉన్నదాంట్లో సగం ఈ ఊళ్లో అందరి తలల్లోనూ ఉంది."

ఆమె నిలబడే పేజీలు తిప్పింది. తిప్పుతూ తిప్పుతూ మంచం అంచున కూర్చుంది. సిగరెట్ బూడిద ఒళ్లో పడినా చూసుకోలేదు.

"మీ పక్కింటివాళ్లు ఏ నెలలో పుట్టారో మీకు తెలుసా?" అన్నాను.

"నాకు మా పక్కింటివాళ్ల పేర్లే తెలియవు." ఆ పిల్ల పుస్తకం మూసేసింది. "ఈ ప్రశ్న రాసినవాళ్లెవరికీ తెలియవు. ఆరుగురం కూర్చుని రాశాం. ఒక్కళ్లకూ... ఎంతమందివి తెలిశాయి మీకు?"

"అది చెప్పను. ప్రమాణం చేయించింది మీరే."

కోప్పడుతుందనుకున్నాను. "సరే," అంది చిన్నగా. "చెప్పకండి."

అప్పుడు డోర్సీతో ఆడిన అబద్ధాన్ని, అబద్ధమని చెప్పకుండా, ఆమె ముందు పెట్టాను. తెల్ల పూసకు ప్రశ్న తీసేసి, ఊరికే అవును అనమంటే? పుట్టిన నెలతో పనేముంది? ఆమె మోటెల్ కవరు మీద పెన్సిల్‌తో లెక్క వేసింది. యాభై పూసల్లో పదిహేను తెల్లవి. వందమంది ఊపితే ముప్పైమంది చేత తెల్ల పూసే అవుననిపిస్తుంది. ఇంకా పైన ఎన్ని అవునులు వస్తే, అవి మిగతా డెబ్భైమందివి. కాదు అన్నవాళ్ల సంగతి మాత్రం తెలిసిపోతుంది.

"తెలిస్తే తెలియనీ. వాళ్లకు దాచుకోవడానికేమీ లేదు కదా," అన్నాను.

పెన్సిల్ ఆపి తలెత్తింది. "ఇది మీకెలా తోచింది?"

"ఒక మనిషికి జవాబు చెప్పాల్సి వచ్చింది." పుస్తకం చంకన పెట్టుకుని అన్నాను, "ఇంకోటి. చుట్టాలు లేరన్నాను మీతో. నాకొక చెల్లెలుంది."

ఆ పిల్ల తెలివైంది. ఏ ఇల్లు అని అడగలేదు. శనివారంలోపు కొత్త చీటీ కావాలంటే, ఎందుకు అనీ అడగలేదు. ఆఫీసు గదిలోకి వెళ్లి వాళ్ల ప్రొఫెసర్‌కు ఫోన్ చేసింది. ఫోన్‌లో ఆయన కేకలు బయట బెంచీ మీద కూర్చున్న నాకు వినపడ్డాయి. అరవై ఒక్క ఇళ్ల కాగితాలు పారేయాలని, మళ్లీ మొదటినుంచి అడగాలని ఆమె అంటోంది. ఆయన కుదరదంటున్నాడు. "వాటిని చదవగలిగిన మనిషి ఈ ఊళ్లో ఒకరున్నారంటే, అందరూ చదవగలిగినట్టే," అంటోంది. అలా రెండు రోజులు నడిచింది. ఆ రెండు రోజులూ నేను తిన్నది గుర్తులేదు. వెర్లీన్ ఇంటి మీదుగా నాలుగుసార్లు నడిచాను, బట్టలు ఆరేసి ఉన్నాయా లేదా అని. తీగ మీద తన గౌను కనపడితే, ఇంకా ఉంది అనుకునేదాన్ని.

శుక్రవారం సాయంత్రం మిస్ టెస్లర్ కారు మా ఇంటిముందు ఆగింది.

"ఏమన్నాడాయన?"

"చాలా అన్నాడు. చివరికి సరే అన్నాడు." చేతిలో టైపు చేసిన కొత్త చీటీలున్నాయి. మా వంటింట్లో కూర్చుని పిండి ఉడికించి అంటించాం. పాత కాగితాలు అరవై ఒకటీ నా పొయ్యిలో తగలబెట్టాం. వెర్లీన్ కాగితం మీద గీత కూడా పెట్టలేదు నేను. అయినా ముందు దాన్నే వేశాను.

శనివారం డోర్సీ గడ్డం గీసుకుని వరండాలో కూర్చుని ఉన్నాడు. మూడు రాత్రులు నిద్ర లేనట్టు కళ్లు ఎర్రగా ఉన్నాయి. పెట్టె తీసుకుని చీటీ చదివాడు. పెదవులు కదుపుతూ రెండుసార్లు చదివాడు. తెల్ల పూస: ఏమీ ఆలోచించకుండా అవును అనండి.

"ఈ చీటీ ఎప్పటిది?" అన్నాడు మిస్ టెస్లర్‌తో.

ఆ పిల్ల తాపీగా సిగరెట్ వెలిగించుకుంది.

"ఈ ఊళ్లో ఉన్న పెట్టెలన్నిటి మీదా ఇదే చీటీ ఉందండీ. కావాలంటే కారులో ఇంకో మూడున్నాయి, చూడండి."

అతను చూడలేదు. పెట్టెను చేతుల్లో తిప్పుతూ కూర్చున్నాడు.

"ఊపు," అన్నాను.

"నేనా? నేను మగాణ్ణి వదినా."

"పూసలకేం తెలుసు నువ్వు మగాడివని? ఊపు."

ఊపాడు. మూతకు చేయి అడ్డం పెట్టుకుని కిటికీలోకి చూశాడు, సరిగ్గా వెర్లీన్ చూసినట్టే. చెవుల దాకా ఎర్రబడ్డాడు.

"ఏ పూసో చెప్పకు. అవునా, కాదా?"

"...అవును," అన్నాడు.

"అయ్యో డోర్సీ, ఎప్పుడు జరిగిందయ్యా? మాకెవరికీ చెప్పనేలేదే!" అన్నాను.

మిస్ టెస్లర్ పొగ మింగి దగ్గింది. జాలీ తలుపు అవతలినుంచి వెర్లీన్ నవ్వింది. చిన్నప్పుడు నవ్వినట్టు, ఆపుకోలేక, మధ్యలో ముక్కు ఎగబీలుస్తూ. అది చివరికి నవ్వో ఏడుపో తెలియకుండా అయింది. డోర్సీ పెట్టె నా చేతిలో పెట్టేశాడు. తలుపు వైపు తిరిగి తల గోక్కున్నాడు.

"పిచ్చి పెట్టె," అన్నాడు. తర్వాత నాతో, "చేపలున్నాయి, పట్టుకెళ్తావా వదినా?" అన్నాడు.

అతను పూర్తిగా నమ్మాడో, నమ్ముదామని నిర్ణయించుకున్నాడో నాకు తెలియదు. మంచివాడు. ముప్పై ఏళ్లు వెర్లీన్‌తో కాపురం చేశాడు. అతనికి అబద్ధం చెప్పినందుకు ఇప్పటికీ ఒక్కోసారి నిద్ర పట్టదు. చెప్పకపోయుంటే అసలే పట్టేది కాదు.

ఆగస్టంతా మళ్లీ ఇంటింటికీ తిరిగాను. ఈసారి అందరినీ కిటికీలకు వీపు పెట్టి కూర్చోమన్నాను. వెర్లీన్ ఇంటికి మిస్ టెస్లర్ వెళ్తానంది, అది నియమం. వెర్లీనే ఒప్పుకోలేదట. "మా అక్క వస్తేనే," అందట.

వెళ్లాను. డోర్సీ మిల్లులో ఉన్నాడు. వంటింటి బల్ల మీద పచ్చి చిక్కుళ్ల గిన్నె. వెర్లీన్ చేతులు తుడుచుకుని పెట్టె ఊపింది, చూసింది.

"అవును," అంది. ఈసారి గొంతుతోనే.

గీత పెట్టాను.

"ఇప్పుడు నీకేం తెలుసక్కా?"

"ఏమీ తెలియదు."

"మొన్నటిది?"

"ఆ కాగితాలు తగలబెట్టాం."

"కాగితాలు సరే," అంది. చిక్కుడుకాయ తీసి నార లాగుతూ నా ముఖంలోకి చూడకుండా కూర్చుంది.

"మొన్న నువ్వన్నది నాకు వినపడలేదు వెర్లీన్. ఇరవై ఏళ్ల నేత గది. చెవులు పోయాయి నాకు."

తను నార లాగడం ఆపేసింది. నేనూ ఒక చిక్కుడుకాయ తీసుకున్నాను. గిన్నె సగమయ్యేదాకా ఇద్దరం వొలిచాం.

"అమ్మ ఎక్కడుందో నాకు తెలియదు," అంది వెర్లీన్. "ఆ కొండ మీద చాలా రాళ్లున్నాయి. ఒకసారి వెళ్లాను. దొరకలేదు. ఎవర్నీ అడగలేకపోయాను."

"పద," అన్నాను.

ఇంట్లో పొయ్యి కట్టేశానో లేదో అని కూడా వెనక్కి వెళ్లలేదు ఆ రోజు. ఎండలో కొండ ఎక్కాం. అమ్మది చిన్న రాయి, పెద్ద రాళ్ల వెనక, దేవదారు చెట్టు నీడలో. పేరు చూపించి నేను నాలుగడుగులు వెనక్కి వచ్చాను. వెర్లీన్ మోకాళ్ల మీద కూర్చుని రాయి మీది ఎండుటాకులు చేత్తో తుడిచింది. తుడిచి, అమ్మతో మాట్లాడటం మొదలుపెట్టింది. శబ్దం లేదు. పెదవులే కదులుతున్నాయి, మగ్గాల మధ్య నిలబడి మాట్లాడుకున్నట్టు.

నేను నిలబడ్డ చోటునుంచి తన ముఖం స్పష్టంగా కనపడుతోంది. మొదటి మాట కళ్లబడింది. ‘అమ్మా’.

రోడ్డు వైపు తిరిగి నిలబడ్డాను. కింద మిల్లు నుంచి లారీ ఒకటి బయలుదేరి, మలుపు తిరిగి, కనపడకుండా పోయింది. తను పిలిచేదాకా అటే చూస్తూ ఉన్నాను.